వెంకటేశమునకు చదువేల రాలేదు?

కన్యాశుల్క నాటకమును గూర్చిన విమర్శకు మన భాషలో కొదువ లేదు. గిరీశము వాగ్ధాటిని, మధురవాణి నేర్పును, బుచ్చమ్మ దైన్యమును గూర్చి మూడు నాలుగు తరములవారు వ్రాసిరి; ఇప్పటికిని వ్రాయుచున్నారు. ఆ నాటకమున నొక మూల నిలుచుండు పిల్లవానియొద్ద మాత్రము విమర్శకులు తఱచుగా ఆగరు. వాడు అగ్నిహోత్రావధానులుగారి కుమారుడు, గిరీశమునకు శిష్యుడు, పరీక్ష తప్పినవాడు, వెంకటేశము. చూచువారు నవ్వుటకై కవి వానిని కల్పించెనని తలంచి ముందునకు సాగిపోవుట వాడుక. మాకట్లు తోచలేదు. ఈ నాటకమునందు అన్యాయమునకు లోనైనవారిని వరుసగా చెప్పవలసివచ్చినచో బుచ్చమ్మ, సుబ్బి అను ఆడుబిడ్డల తరువాత మేము వెంకటేశము పేరే చెప్పుదుము. ఆ యాడుబిడ్డలకు జరిగిన కీడు అందఱకును కనబడును. వీనికి జరిగినది కీడని వానికే తెలియదు.

1892లో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో గురజాడ అప్పారావుగారి చేతనే పెంచి తిరుగ వ్రాయబడిన ఈ నాటకము ఏ దురాచారమును ఖండించెనో ఆ కన్యాశుల్కము నేడు మన యిండ్లలో వినబడుట లేదు. వెంకటేశము మాత్రము ప్రతి వీధిలోను ఉన్నాడు. ప్రొద్దున్నే మెడకు గుర్తింపుకార్డును, వీపున బరువైన సంచిని తగిలించుకొని ఆటోలో బడికి పోవుచున్నాడు.

కృష్ణరాయపురాగ్రహారమున జరిగిన ఘట్టమును చదువరులు జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. సెలవులకు కుమారుడు ఇల్లు చేరెను. వెంట గిరీశము గురువు వేషమున దిగెను. తల్లి వెంకమ్మకు ఇంగ్లీషు అక్షరము రాదు. గురుశిష్యు లిద్దఱును ఇంగ్లీషున మాటలాడుకొనగా వినవలెనని ఆమెకు ముచ్చట. వారు మాటలాడిరి. గురువు పసిపిల్లల పాట నొకదానిని అప్పగించెను. శిష్యుడు వాచకములోని ముక్క నొకటి వల్లించెను. ఒకరి మాటకు మఱియొకరి మాట జవాబు కాదు. ఆ తల్లికి మాత్రము ఆనందమాయెను. ఇంతవఱకు నవ్వని ప్రేక్షకుడుండడు. కాని గురజాడవారు అక్కడ ఆగలేదు. వెంకమ్మ తోబుట్టువు కరటకశాస్త్రి నాటకములలో వేషములు కట్టువాడు, లోకము చూచినవాడు. ఆతడు మేనల్లుని ఒక తెలుగు పద్యము చదువుమని, చదివినదానికి అర్థము చెప్పుమని అడిగెను. వెంకటేశము ఇంటి నడికప్పు వంక చూచి ఊరకుండెను. గిరీశము అడ్డుపడి శిష్యుని తప్పించెను.

ఈ రెండవ ముక్కను విడిచి మొదటి ముక్కను మాత్రమే చెప్పుకొనుటచేత మన విమర్శ పెడదారిని పట్టినదని మా అభిప్రాయము. మొదటి ముక్కను మాత్రమే చూచువారు ఇంగ్లీషు మోజును వెక్కిరించిన ఘట్టమని దీనికి పేరు పెట్టిరి. రెంటిని కలిపి చూడుడు. పిల్లవానికి ఇంగ్లీషు ముక్కయు తెలియదు, తెలుగు పద్యమును తెలియదు. రెండును వాని నోట పలికినవి. రెండింటిలో నొకటియు వాని లోపలికి పోలేదు. చదువు చెడుటకు పరభాష యొక్కటే కారణమైనచో తెలుగు పద్యము దగ్గఱ వాడు నడికప్పును చూడనేల? ఆ యింట ప్రతివారికిని వాని చదువువలన ఏదో యొక లాభము కలదు. తల్లికి ముచ్చట తీరెను. గిరీశమునకు పూట గడచెను. ఇంగ్లీషు చదువునకు డబ్బు దండుగయని మండిపడు తండ్రికి సహితము దావాకాగితముల పనికి గిరీశము అక్కఱకు వచ్చును. అర్థము అడిగినవాడు ఒక్క మేనమామ. ఆతడును అడిగి, వెక్కిరించి, తన పనిమీద తాను పోయెను. నేర్పువాడు లేడు.

మేము ఈ వ్యాసమును వ్రాయుచున్న పొందూరు విజయనగరమునకు, శ్రీకాకుళమునకు నడుమ నున్నది. ఆ నాటకములోని మాటలు మాకు పుస్తకపు మాటలు కావు. ‘బేగి రా’, ‘ఒగ్గీ’, ‘కూకో’ అని మా పిల్లలు నేటికిని పలుకుదురు. బడిలో పలికినచో తోడిపిల్లలు నవ్వుదురు. ఈ యూరి పేరు సన్ననూలు ఖద్దరువలన దేశమంతట తెలిసినది. 1949లో ఏర్పడిన ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఇక్కడనే కలదు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఆ ఏకులను ఎండిన అరటిదొప్పలో నుంచి, రాట్నముమీద వడకు స్త్రీలు ఇంకను ఉన్నారు. వారి మనుమలు, మనుమరాండ్రు బడులకు పోవుచున్నారు. ఆఱవ తరగతి సామాన్యశాస్త్రమున పోగునుండి వస్త్రమువఱకు అను విషయము నేర్పుదురు. అందు ‘జిన్నింగ్’ అని, ‘స్పిన్నింగ్’ అని మాటలు వచ్చును. అమ్మమ్మ ప్రతిదినము చేయు పనినే పిల్ల పరాయిదేశపు వింతగా కంఠస్థము చేయును. నాలుగు మార్కులు వచ్చును. తాను కంఠస్థము చేసినది అమ్మమ్మ పనియే యని ఆ పిల్లకు తట్టవలెనన్నచో ఎవరైనను చెప్పవలెను. ఆ చెప్పెడివాడు ఉపాధ్యాయుడు. వానికి అంత తీరిక కలదా యన్నది తరువాత విచారింతము.

ముందుగా వెంకమ్మ పక్షమున నొక మాట. ఇంగ్లీషు కోరు తల్లిదండ్రులను చూచి నవ్వుట మన విద్యావంతులకు అలవాటైనది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 81వ సంఖ్య గల ఉత్తర్వుచేత సర్కారు బడులను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చదలచెను. 2020 ఏప్రిల్ 15న ఉన్నత న్యాయస్థానము ఆ ఉత్తర్వును కొట్టివేసెను. ప్రభుత్వము సర్వోన్నత న్యాయస్థానమునకు పోయినది; ఈలోపల తల్లిదండ్రుల సమ్మతిపత్రములు సేకరించి, నూటికి 96 మంది ఇంగ్లీషునే కోరిరని ప్రకటించినది. ఆ సమయమున తెలుగునకై కంటనీరు పెట్టుకొన్న పెద్దలలో ఎంతమంది బిడ్డలు తెలుగు బడిలో చదివిరి? కూలికి పోవు తండ్రియు, మగ్గముమీద కూర్చుండు తండ్రియు ఈ ప్రశ్న అడిగినపుడు మన యొద్ద సమాధానము లేదు. కొలువులు ఇచ్చువారు ఇంగ్లీషున మాటలాడుమని యడుగుచుండగా, నీ బిడ్డకు అది వలదని పేదవానికి మాత్రము చెప్పుట న్యాయము కాదు. వెంకమ్మ కోరినది తప్పు కాదు. ఆమెకు ఇచ్చినది తప్పు. ఆమె ఇంగ్లీషు కోరెను, ఆమెకు ఇంగ్లీషు చప్పుడు ఇచ్చిరి.

ఆటోలో పోవు పిల్లలకు నెలనెల జీతము కట్టి తల్లిదండ్రులు కొనుచున్నది తఱచుగా ఆ చప్పుడే. పిల్లవాడు ఇంటికి వచ్చి పద్యమువలె ఒక పాఠమును అప్పగించును; తల్లి కండ్లు చెమ్మగిల్లును; అర్థమేమని ఇంట నెవ్వరును అడుగలేరు. బడిలో అడుగుట లేదు. గ్రామీణ బాలల చదువును గూర్చిన 2024 నాటి అసర్ నివేదిక ప్రకారము మన దేశపు పల్లెలలో అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు సుమారు సగము మంది. ఇది వారి వారి భాషలలో చదువుటను గూర్చిన లెక్క. అనగా కరటకశాస్త్రి ప్రశ్నకు నడికప్పు చూచువారు మనలో సగమునకు తక్కువ లేరు.

ఇక 2020-21 నుండి వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకముల మాట. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు. అద్దములోని ప్రతిబింబమువలె రెండును సరిపోవలెనని ఉద్దేశము. పుస్తకమును పుస్తకముగా విమర్శింపవలసినచో మేము దీనిని తోసివేయము. ఇంగ్లీషు మాధ్యమమునకు తానే అలవాటుపడని ఉపాధ్యాయునకు ఇది ఊతకఱ్ఱ. తెలివిగల పిల్లకు రెండు పుటలను పోల్చి చూచుకొను వీలు కలదు. అచ్చు, బొమ్మలు, కాగితము పూర్వపు పుస్తకములకంటె మేలుగా నున్నవి. మా ఆక్షేపణ తెలుగు పుటను గూర్చి. అది తెలుగువాడు తెలుగు పిల్లవానికి చెప్పిన మాటగా తోచదు. ఇంగ్లీషు వాక్యము ఎట్లు నడచినదో అట్లే నడచును. కర్తను వెదకికొనవలెను, క్రియకై కాచికొనవలెను. చెట్టు ఎండను తిని అన్నము వండుకొనునని చెప్పినచో నవ్వుచు గ్రహించు పిల్లకు కిరణజన్యసంయోగక్రియ అను మాటను ముందు పెట్టుదురు. ఆ మాట ఉండవద్దని మేము చెప్పము, చివరకు రావలెనని చెప్పుదుము. ఈ వరుస తలక్రిందైనపుడు పిల్లకు ఎదురెదురుగా నున్నవి రెండు భాషలు కావు, రెండు గోడలు.

ఈ మాటను మనకు నూఱేండ్లకు పూర్వమే చెప్పినవారు ఈ జిల్లావారే. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళము చేరువ పర్వతాలపేటలో పుట్టిరి; విజయనగరమున గురజాడవారికి సహాధ్యాయులు. 1880లో ముప్పది రూపాయల జీతముమీద పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయులైరి. వారి పేరు చెప్పగానే మనకు గ్రాంథిక వ్యావహారిక వివాదము జ్ఞప్తికి వచ్చును; ఏటేట ఆగస్టు 29న భాషాదినోత్సవము జరిపి దండలు వేయుచున్నాము. ఆ వివాదము పుట్టినది కవిసభలో కాదు, తరగతి గదిలో. 1907 ప్రాంతమున ఉత్తరపు జిల్లాల బడులను పరీక్షించుటకు వచ్చిన యేట్సుదొర, పుస్తకపు తెలుగునకును పిల్లల నోటి తెలుగునకును ఇంత భేదమేమని అడిగెను. ఆ ప్రశ్నను పట్టుకొని గిడుగువారును, గురజాడవారును, విశాఖపట్టణమున పి. టి. శ్రీనివాస అయ్యంగారును పోరిరి. 1914లో గురజాడవారు మదరాసు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. వారి పట్టుదలకు మూలము శైలిమీది మమకారము కాదు. పిల్లవాడు చదివినది వానికి తెలియవలెననుట. (గ్రాంథికపు వాసన వదలని మా వ్రాతలో గిడుగువారి ప్రశంసయా యని చదువరులు నవ్వినచో నవ్వుదురుగాక. ఇది పెద్దల కొఱకు వ్రాసినది. పసిబిడ్డల చేతికి మేము దీనిని ఈయము.)

గిడుగువారు అంతటితో ఊరకుండినవారు కారు. పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు ఉందురు. వారి బిడ్డలకు తెలుగు బడి యెంత పరాయిదో మన బిడ్డలకు ఇంగ్లీషు బడి అంత పరాయిది. పంతులుగారు సవరభాషను నేర్చిరి. ఆ భాషలో వాచకములు వ్రాసిరి. స్వంత సొమ్ము వెచ్చించి సవర పిల్లలకు బడులు పెట్టిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. తెలుగు వీరాభిమానియని మనము కొనియాడు మనిషి తెలుగును కొండబిడ్డల నెత్తిన రుద్దలేదు. ఈ సంగతిని భాషాదినోత్సవపు ఉపన్యాసములలో మేము అరుదుగా వింటిమి. 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర మొదలగు ఎనిమిది భాషలలో ప్రారంభ తరగతులు నడుపు ప్రయత్నము జరిగినపుడు, అది క్రొత్త యాలోచనగా కొందఱకు తోచినది.

ఇక గురువు మాట. గిరీశమును చూచి నేటి పంతులును కొలుచుట అన్యాయము. గిరీశమునకు చదువు చెప్పుటకు తీరిక కలదు, మనసు లేదు. నేటి సర్కారు బడిలో మేమెఱిగిన చాలమందికి మనసు కలదు, తీరిక లేదు. కొన్నేండ్ల క్రిందట మరుగుదొడ్ల ఛాయాచిత్రములు తీసి పంపుట వారి పని. మధ్యాహ్న భోజనమునకు లెక్క, గ్రుడ్లకు లెక్క. 2022లో ముఖమును యంత్రమునకు చూపి హాజరు వేయించుకొను పద్ధతి వచ్చెను. సంకేతము అందని ఊళ్లలో పంతులు సెల్‌ఫోను పట్టుకొని ఆరుబయట తిరుగుచుండగా లోపల పిల్లలు కాచికొని యుందురు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 27వ విభాగమున జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప మఱి యే పరాయి పనికిని ఉపాధ్యాయుని వాడరాదని స్పష్టముగా చెప్పుచున్నది. ఆ చట్టమే అరువదిమంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు సైతము ఇద్దఱు ఉపాధ్యాయులు ఉండవలెనని చెప్పుచున్నది. ఒక్కరే ఉన్న బడిలో అయిదు తరగతులు ఒకే గదిలో కూర్చుండును. ఒకటవ తరగతి బిడ్డకు అక్షరము దిద్దింపవలెను, అయిదవ తరగతివానికి భిన్నములు చెప్పవలెను. ఒకరికి చెప్పునప్పుడు తక్కినవారు పలకలమీద ఏదో వ్రాసికొనుచుందురు. ఆ పంతులునకు సెలవు కావలసివచ్చినచో బడికే సెలవు.

పైపెచ్చు బడియే ఒకచోట నిలువదు. 2022లో 117వ ఉత్తర్వుచేత మూడు, నాలుగు, అయిదు తరగతులను దగ్గఱలోని ఉన్నత పాఠశాలలకు తరలించిరి. 2025లో ఆ పద్ధతిని తీసివేసి వేఱొక ఏర్పాటు చేసిరి. 2018 తరువాత ఉపాధ్యాయుల పెద్ద నియామకము జరుగుటకు 2025 వఱకు ఆగవలసి వచ్చెను. అప్పుడు 16,347 కొలువులకు ప్రకటన వెలువడెను. ఏ ప్రభుత్వమును ఏమియు చేయలేదని మేము చెప్పుట లేదు. గోడలకు రంగులు వచ్చినవి, బల్లలు వచ్చినవి, త్రాగునీరు వచ్చినది, తల్లుల ఖాతాలలో సొమ్ము పడినది. ఇవి పేదయింటికి చిన్న మేళ్లు కావు. కాని వీనిని లెక్కించుట సులభము, ఛాయాచిత్రము తీయుట సులభము. పిల్లవాడు గ్రహించినాడా లేదా యనుదానికి ఛాయాచిత్రము లేదు. అందుచేత పైవారు దానిని అడుగరు. పైవారు అడుగనిదానికి పంతులు ప్రొద్దు మిగులదు.

నాటకమునందే ఇంకొక శిష్యుడు కలడు. కరటకశాస్త్రి వెంట తిరుగు కుఱ్ఱవాడు. వానికి ఆడువేషము వేసి లుబ్ధావధానులకు పెండ్లికూతురుగా అంటగట్టుదురు. ముసలివాని యింట, అనుమానించు వారి నడుమ, వాడు ఆ పనిని నెగ్గుకొనివచ్చును. సమయమునకు తగిన మాట, తగిన మౌనము, తగిన ఏడుపు వానికి తెలియును. నాటకములో చదువు వచ్చినవాడెవ్వడనగా మేము వీనినే చూపుదుము. వాడు నేర్చిన విద్యలో మోసమున్నది. దానిని మేము మెచ్చుకొనుట లేదు. నేర్పిన రీతిని చూడుడు. గురువు వానికి నిజమైన పని యిచ్చెను. తప్పినచో ఏమగునో వానికి తెలియును. పలికిన ప్రతి మాటకును అర్థము తెలిసి పలుకవలెను. పొందూరి యిండ్లలో వడకుట నేర్పు తీరును ఇదియే. నూలు తెగినచో అప్పుడే తెలియును. పరీక్షకై సంవత్సరాంతము వఱకు ఆగనక్కఱలేదు. ఈ వృత్తికి గిట్టుబాటు కూలి లేదు గనుకనే తల్లులు బిడ్డలను దీనినుండి తప్పించి బడికి పంపుచున్నారు. వారిని తిరిగి రాట్నము చెంతకు పొమ్మని చెప్పెడివారితో మేము ఏకీభవింపము. రాట్నముదగ్గఱ నున్న నేర్పు తీరు బడిలో లేకపోవుటయే మా ఫిర్యాదు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమందలి సర్కారు బడులన్నిటను ఒకేనాడు తల్లిదండ్రుల సమావేశములు జరిపిరి. వెంకమ్మలు బడిగదిలో కూర్చుండిరి. ఇట్టి సమావేశములు పాటలకును, ఉపన్యాసములకును, ఛాయాచిత్రములకును సరిపోకుండ చూచు భారము మనవంటి గృహస్థులది. అక్షరము రాని తల్లియు బిడ్డను పరీక్షింపగలదు. ఈ వారము చదివిన పాఠము ఇంగ్లీషుదైనను తెలుగుదైనను, మన యింటి మాటలలో నాకు చెప్పుమని ఆమె అడుగవచ్చును. ‘బేగి సెప్పు’ అనియే అడుగవచ్చును. చెప్పలేకపోయినచో తప్పు బిడ్డది కాదని ఆమెకు ముందుగా తెలిపి, పంతులుతో కలిసి కూర్చుండి కారణమును వెదకవలెను. మొదటి రెండు మూడు తరగతులు ఇంటి మాటలో నడచి, ఇంగ్లీషును విడిగా, ప్రతిదినము, వచ్చినవారిచేత భాషగా నేర్పించినచో, ఆ తల్లి కోరిన ఇంగ్లీషు ఆమె బిడ్డకు ఇప్పటికంటె మేలుగా వచ్చునని మా నమ్మకము. 2009 చట్టమును, 2020 జాతీయ విద్యావిధానమును వీలైనంతవఱకు మాతృభాషయే యని చెప్పుచున్నవి. ‘వీలైనంతవఱకు’ అను మాటచాటున అందఱును తప్పించుకొనుచున్నారు.

పొందూరి బడులవారికి మాత్రము ఒక విన్నపము. ఆఱవ తరగతిలో పోగును గూర్చిన పాఠము వచ్చు వారమున, వడకెడు అమ్మమ్మ నొకతెను బడికి పిలువుడు. రాట్నమును, పిడికెడు పత్తిని, వాలుగ దవడను తెచ్చుకొమ్మని చెప్పుడు. ఆమె దువ్వి చూపును, ఏకి చూపును, తెగిన నూలును అతికి చూపును. పిల్లలు తాము చేయబోయి తెంపుకొందురు. పుస్తకమును ఆ తరువాత తెఱువుడు. ఈ పనిని ఇంగ్లీషున ఏమందురని అప్పుడు పిల్లలే అడుగుదురు.